కోడలి వయసు

డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి అన్నికా నేలమీద మోకాళ్లు ఆనించి అత్తగారి కాళ్లకి మేజోళ్లు తొడుగుతోంది. నల్ల ఊలు మేజోడుని రెండు బొటనవేళ్లతో చుట్టచుట్టి, కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి మడమ దాకా, మడమ నుంచి పిక్క దాకా, చర్మం ఎక్కడా లాగకుండా ఎక్కించాలి. నూటొక్క ఏళ్ల చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. గోరు తగిలినా లేచిపోతుంది. అందుకే అన్నికా తన గోళ్లని ఎప్పుడూ మొదలంటా కత్తిరించుకుంటుంది.

"కూర్చోండి డాక్టరమ్మా, అయిపోవచ్చింది," అంది తలెత్తకుండానే.

డాక్టర్ లొరెదానా సార్డీనియా దీవి ఆ చివర ఉన్న సస్సారి నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ ఈ ఒల్యాస్త్రా కొండల్లోకి వచ్చింది. చలికాలంలో ఒకసారి వచ్చి ముసలావిడ విస్సెంతా రక్తం తీసుకెళ్లింది. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలోది తింటూ, రక్తసంబంధం లేని మనిషి ఇంకొకరు కావాలంటే అన్నికా కూడా చెయ్యి చాపింది. అప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. దూది నొక్కి పట్టుకునే లోపల అన్నికా లేచి వెళ్లిపోయిన సంగతి డాక్టరమ్మకి ఇంకా గుర్తుంది.

ఆ ఫలితాలే ఇవాళ పట్టుకొచ్చింది. ముసలావిడ చిన్నకొడుకు ఎఫీసియో పొద్దున్నే వచ్చి కిటికీ దగ్గర తచ్చాడుతున్నాడు. ఊరి మున్సిపాలిటీలో సభ్యుడు. ఆదివారం జరగబోయే దీర్ఘాయువుల పండగకి పెద్ద అతనే. మిలానో నుంచి, జర్మనీ నుంచి జనం వస్తున్నారు. వందేళ్లు దాటిన వాళ్లు ఈ ఊళ్లో ముగ్గురున్నారు, వేదిక మీద మధ్య కుర్చీ మాత్రం వాళ్లమ్మదే.

"ముందు అమ్మది చెప్పండి," అన్నాడు.

డాక్టరమ్మ కాగితం తీసింది. "ఆవిడకి నూట ఒకటి. కణాల మీద మేము చూసే గుర్తుల్ని బట్టి ఒంటి వయసు ఎనభై ఆరు."

ఎఫీసియో చప్పట్లు కొట్టాడు. "విన్నావా అమ్మా! పదిహేనేళ్లు చిన్నదానివైపోయావు!"

"ఎవరికి కావాలి ఆ పదిహేనేళ్లు," అంది విస్సెంతా. "అన్నికా, ఎడమకాలిది మెలిపడింది చూడు."

అన్నికా మేజోడు సరిచేసి, తలగుడ్డ మడత సర్ది, లేచి చేతులు కడుక్కుంది. టేబుల్ మీద పచ్చి చిక్కుడుకాయలు గుట్టగా పడున్నాయి. నిలబడే వలవడం మొదలుపెట్టింది. ఎఫీసియో ఫోన్‌లో ఎవరికో ఎనభై ఆరు, ఎనభై ఆరు అని చెబుతూ వీధిలోకి వెళ్లాడు.

డాక్టరమ్మ దగ్గరికొచ్చి నెమ్మదిగా, "మీది కూడా ఉంది. పెరట్లోకి వస్తారా?" అంది.

పెరట్లో దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వాటి వెనక నిలబడ్డారు ఇద్దరూ.

"మీకు యాభై ఎనిమిది కదా?"

"వచ్చే నెలకి యాభై తొమ్మిది."

"ఇందులో అరవై తొమ్మిది అని వచ్చింది." డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. "ఇది జాతకం కాదు అన్నికాగారూ. కొలత, అంతే. పొరపాట్లూ ఉంటాయి. కానీ మళ్లీ మళ్లీ చూశాం."

అన్నికా కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఆవిడ తినేదే నేనూ తింటాను. అదే సూప్, అదే చీజ్. ఆదివారం అదే వైన్ గ్లాసుడు."

"కూర్చుని తింటారా?"

అన్నికా ఆలోచించింది. ముందురోజు మధ్యాహ్నం ఏం తిన్నదీ గుర్తుంది. ఎక్కడ తిన్నదో గుర్తు లేదు. గరిటెతో, పొయ్యి దగ్గర, అనుకుంటా.

"నిద్ర?"

"ఆవిడ రెండు మూడుసార్లు పిలుస్తుంది. పిలవకపోతే నేనే లేచి వెళ్తాను, ఎందుకు పిలవలేదా అని."

డాక్టరమ్మ ఆమె చేతివైపు చూసింది. అరచెయ్యి పగుళ్లలో చిక్కుడు పసరు నల్లగా ఇంకిపోయి ఉంది. "ఒంట్లో కణాలు రోజంతా అరుగుతాయి. నిద్రలో, తీరిక దొరికినప్పుడు కాస్త బాగుచేసుకుంటాయి. మీ ఒంటికి ఆ తీరిక ఇవ్వడం లేదు మీరు. ఇది వెనక్కి తగ్గించుకోవచ్చు. పూర్తిగా కాకపోయినా కొంత. రాత్రంతా నిద్ర, రోజూ కాస్త నడక, వేళకి కూర్చుని భోజనం, నలుగురితో కబుర్లు. మందులేం లేవు దీనికి."

"మందే నయం," అంది అన్నికా. "మందైతే మింగి పనికి పోవచ్చు."

లోపల్నుంచి "అన్నికా!" అని పిలుపు. కాగితం ఏప్రన్ జేబులో కుక్కుకుంటూ ఆమె పరిగెత్తింది.

ఆ రోజంతా కాళ్లూ చేతులూ ఎక్కడా నిలవలేదు. కోళ్లకి మేత వేసి వచ్చి, వేశానా లేదా అని మళ్లీ వెళ్లి చూసింది. సూప్‌లో ఉప్పు రెండుసార్లు వేసింది. విస్సెంతా ఒక చెంచా నోట్లో పెట్టుకుని కోడలి మొహంకేసి చూసింది తప్ప ఏమీ అనలేదు. అది ఇంకా చిరాకు పుట్టించింది. మామూలుగా అయితే ఉప్పు రవ్వంత ఎక్కువైనా ఊరుకునే మనిషి కాదు.

శుక్రవారం పొద్దున అన్నికా నడుద్దామని బయల్దేరింది. డాక్టరమ్మ అరగంట అంది. ఊటబావి మలుపు దాకా వెళ్లేసరికి, అత్త ఒక్కతే కుర్చీలోంచి లేవబోయి పడిపోయినట్టు కళ్లకి కట్టింది. వెనక్కి తిరిగింది. ఇల్లు చేరేసరికి విస్సెంతా కుర్చీలో అలాగే ఉంది, ఒళ్లో జపమాలతో.

"అప్పుడే వచ్చేశావేం?" అంది.

"పనుందిగా."

"ఏం పని?"

 అన్నికా చీపురు తీసుకుని ఊడ్చిన గదే మళ్లీ ఊడ్చింది.

మధ్యాహ్నం ఎఫీసియో ఒక పెద్ద అట్ట మోసుకొచ్చి గోడకి ఆనించాడు. దాని మీద తల్లి ఫోటో, తెల్లగా నవ్వుతూ. కింద రంగురంగుల అక్షరాల్లో: కొండగాలి. గొర్రెపాల చీజ్. పెరటి కూరగాయలు. రోజుకో గ్లాసు ఎర్ర వైన్. కోపం లేని మనసు.

"ఎలా ఉంది వదినా?"

"కోపం లేని మనసు ఎవరిది?" అంది అన్నికా. "పోయినవారం సూప్ చల్లారిందని గిన్నె నెట్టేసింది."

ఎఫీసియో పెద్దగా నవ్వాడు. "అది ఇక్కడ రాయలేంగా! సరే విను. ఆదివారానికి ఆలూ చీజ్ కజ్జికాయలు రెండువందలు కావాలి, గోధుమకంకి అల్లికతో, నువ్వు చేసేవే. ఇంకో మాట. పై రెండు గదులూ ఖాళీగానే ఉన్నాయి కదా. పండగయ్యాక ఊరు చూడ్డానికొచ్చే వాళ్లకి వారం వారం ఇద్దామనుకుంటున్నా. అమ్మ ఎలా బతుకుతుందో వాళ్లూ అలా బతకొచ్చు. పొద్దున్నే లేవడం, రొట్టె కాల్చడం, తోటపని. నువ్వు పక్కనుండి నేర్పిస్తే చాలు. నీకూ కాలక్షేపం."

అన్నికా తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. జేబులో కాగితం చేతికి తగిలింది.

"ఎఫీసియో, నా వయసెంతో తెలుసా?"

"యాభై... అరవై లోపే. ఏం?"

"అరవై తొమ్మిది."

"ఎవరన్నారు? భలేదానివే! గుర్రంలా ఉన్నావు నువ్వు." అట్టమీద ధూళిని మోచేత్తో తుడిచాడు. "అమ్మా, ఆదివారం నీలం తలగుడ్డ కట్టుకో. ఫోటోల్లో నలుపు బాగుండదు." చెంప మీద ముద్దుపెట్టి వెళ్లిపోయాడు.

గుర్రం. అన్నికా ఆ మాటని సాయంత్రం దాకా నమిలింది. ఇంట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. విస్సెంతా ఏదో అనబోయి నోరు మూసుకోవడం ఆమె రెండుసార్లు గమనించింది. అడగలేదు. ఎవరేం చెప్పినా తనకి ఇంకో పని తగులుతుందని ఆమె అనుభవం.

శనివారం పదింటికి పిండి కలిపింది. ఉడికించిన బంగాళాదుంపల్ని చిదిమి, చీజ్ తురిమి, పుదీనా తరిగి, ఉండలు చేసింది. పిండిని పల్చగా ఒత్తి గ్లాసు అంచుతో బిళ్లలు కోసింది. బిళ్లని ఎడమ అరచేతిలో పెట్టుకుని, మధ్యలో ఉండ ఉంచి, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక నొక్కు ఇటు, ఒక నొక్కు అటు, ఒకదాని మీద ఒకటి మడత వేసుకుంటూ పైదాకా పోవాలి. చివర మొన తేలాలి. అప్పుడది గోధుమకంకిలా ఉంటుంది. నలభై చేసేసరికి పుదీనా అయిపోయింది.

"లుయిసెద్దా పెరట్లోంచి నాలుగు రెమ్మలు తెస్తాను అత్తా. పది నిమిషాలు," అని మిగిలిన పిండిమీద తడిగుడ్డ కప్పి వెళ్లింది.

లుయిసెద్దా ఇల్లు పక్క సందులోనే. అన్నికాకి బడి నాటి స్నేహితురాలు. నోరు పదును, కాళ్లు మందం. పుదీనా కోస్తూ, "మొహం ఏంటే అలా ఉంది, ఎవరో ఉతికి పిండి ఆరేసినట్టు?" అంది.

అన్నికా కాగితం తీసి చూపించింది.

లుయిసెద్దా కళ్లజోడు లేకుండా దూరంగా పట్టుకుని చదివింది. "దీనికి రక్తం తీసి సస్సారి దాకా తీసుకెళ్లాలా? నన్నడిగితే గుమ్మంలోంచే చెప్పేదాన్ని. కూర్చో, కాఫీ ఇస్తా."

"పిండి ఎండిపోతుంది."

"ఎండనీ. జర్మనీవాళ్లకి తేడా తెలీదు. కూర్చో అంటుంటే!"

ద్రాక్షపందిరి కింద పాత పడక కుర్చీ ఉంది. అన్నికా అంచు మీద కూర్చుంది, లేవడానికి సిద్ధంగా. కాఫీ వాసన వస్తోంది. లోపల లుయిసెద్దా కప్పుల కోసం వెతుకుతూ ఎవర్నో తిడుతోంది. వీపు ఒక్కసారి వెనక్కి ఆనిద్దామనుకుంది.

కళ్లు తెరిచేసరికి పందిరి నీడ గోడెక్కేసింది. ఒంటి మీద శాలువా ఉంది. లుయిసెద్దా ఎదురుగా బటాణీలు వలుస్తోంది.

"ఎంతైంది?"

"నాలుగు."

"నాలుగా! లేపలేదేం?"

"లేపితే లేచేదానివి. అందుకే లేపలేదు."

పుదీనా అక్కడే వదిలేసి అన్నికా పరిగెత్తింది. మందు రెండింటికి వెయ్యాలి. ఒంటిగంటకి అన్నం పెట్టాలి. బాత్రూంకి తీసుకెళ్లాలి. సందు రాళ్లమీద చెప్పు జారి మోకాలు గోడకి కొట్టుకుంది. తలుపు తోసింది. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.

"అత్తా!"

"అరవకు. ఇక్కడున్నా."

విస్సెంతా వంటింట్లో నిలబడి ఉంది. ఎడమచేత్తో టేబుల్ అంచు పట్టుకుని, నడుము చెక్కకి ఆనించి. ముంజేతుల దాకా పిండి. ఆవిడ ముందు గుడ్డమీద కజ్జికాయలు వరసలుగా ఉన్నాయి. ఎడమవైపు అన్నికా చేసిన నలభై, వాటి పక్కన ఇంకో యాభై పైన. వీటి అల్లిక సన్నగా, మడత మీద మడత దగ్గరగా, నిజంగా పొలంలోంచి కోసుకొచ్చినట్టున్నాయి.

"పుదీనా లేకుండానే చేశాను. ఎవడికీ తెలీదులే," అంది విస్సెంతా.

అన్నికా గుమ్మం పట్టుకుంది. "నిలబడ్డావు."

"కూర్చుంటే చెయ్యి అందదు. టేబుల్ ఎత్తు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు వెళ్లిన గంటకి."

"అది కాదు నేనడిగేది. ఎప్పట్నుంచి నిలబడగలవు?"

ముసలావిడ చేతిలో ఉన్న బిళ్లని చివరిదాకా అల్లింది. మొన తేల్చి వరసలో పెట్టింది. "ఎప్పుడూ నిలబడగలను. మెల్లిగా. మేజోళ్లు కూడా తొడుక్కోగలను. ముప్పావుగంట పడుతుంది. నువ్వు చర్చికెళ్లినప్పుడు ఒకసారి తొడుక్కుని చూశా. నువ్వొచ్చే లోపల మళ్లీ తీసేశా."

అన్నికా గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వేసింది. "ఎందుకు?"

"మా పెద్దోడు ఆంతోనీ పోయాక నువ్వు మంచం దిగలేదు. గోడవైపు తిరిగి ఇరవై రెండు రోజులు. ఫాదర్ వచ్చాడు, మీ చెల్లెలొచ్చింది, నేను తిట్టాను. ఎవరికీ లేవలేదు. ఇరవై మూడో రోజు మెట్టుమీద జారాను. నిజంగానే జారాను, అందులో అబద్ధం లేదు. 'అన్నికా' అని అరిచేసరికి లేచొచ్చావు. నన్ను ఎత్తావు, కట్టు కట్టావు, సూప్ కాచావు. అదే గిన్నెలో నువ్వూ నాలుగు చెంచాలు తాగావు." విస్సెంతా ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "కాలు వారంలో తగ్గిపోయింది. తగ్గిందంటే మళ్లీ గోడకి తిరుగుతావని, తగ్గలేదన్నా."

"తొమ్మిదేళ్లా?"

"ఒక నెల అనుకున్నా. తర్వాత అలవాటైపోయింది. హాయిగా కూడా ఉంది, అదీ చెప్పాలిగా. ఎవరైనా మేజోళ్లు తొడిగితే హాయిగానే ఉంటుంది."

అన్నికా మోకాలు మండుతోంది. "నీకేం, ఎనభై ఆరు. నా ఒళ్లు ఏమైందో తెలుసా నీకు?"

"అరవై తొమ్మిది. నా కుర్చీ పెరటి కిటికీ పక్కనే కదా. దుప్పట్లు మాటల్ని ఆపవు." ముసలావిడ వేళ్లకంటిన పిండి దులుపుకుంది. "గురువారం నుంచి ఎలా చెప్పాలా అని చూస్తున్నా. నిన్ను బతికిస్తున్నానే అనుకున్నా నేను. తింటున్నానని తెలీలేదు."

 నోరు తెరిస్తే ఏం అంటుందోనని అన్నికాకి తనకే భయమేసింది. చేతులు కడుక్కుని వచ్చి టేబుల్‌కి రెండోవైపు నిలబడింది. గుడ్డ తీసి ఒక బిళ్ల అందుకుంది. ఇద్దరూ కలిసి మిగిలినవి అల్లసాగారు. అత్తకి కాళ్లు వణుకుతున్నాయని తెలుస్తూనే ఉంది. కుర్చీ తెచ్చివ్వాలని చేతులు లాగాయి. తేలేదు. పది నిమిషాలు పోయాక విస్సెంతా తనే గోడ పట్టుకుని వెళ్లి కూర్చుంది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఊరి హాలు నిండిపోయింది. ఎఫీసియో చక్రాల కుర్చీ పట్టుకొచ్చాడు. "ఎక్కమ్మా," అంటే ముసలావిడ దాన్ని చేతికర్రతో పక్కకి తోసింది. గుమ్మం నుంచి వేదిక దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కెమెరాలు వెలిగాయి. తలకి నల్లగుడ్డే ఉంది.

అన్నికా వెనక గోడ దగ్గర, లుయిసెద్దా పక్కన నిలబడింది. రావద్దనుకుంది. పొద్దున్నించి ఇంట్లో అటూ ఇటూ తిరిగి తిరిగి, కాళ్లే ఇక్కడికి తెచ్చాయి.

డాక్టరమ్మ మాట్లాడింది. ఇందులో రహస్యం అంటూ ఒకటి లేదని, నిద్ర, తిండి, నడక, మనుషులు అన్నీ కలిసి కణాల్ని కాపాడతాయని చెప్పింది. జనానికి అది అంతగా ఆనలేదు. ఎఫీసియో మైకు లాక్కున్నాడు. "సార్డీనియా మొత్తం తెలుసుకోవాలనుకుంటోంది! అమ్మా, నీ నోటితో చెప్పు. ఏం చేస్తే నూటొక్క ఏళ్లొచ్చాయి?"

విస్సెంతా మైకుని రెండు చేతులతో పట్టుకుంది. "చీజ్ తిన్నాను. వైన్ తాగాను. నా ఈడువాళ్లందరూ తిన్నారు, తాగారు. వాళ్లేరీ?"

జనం నవ్వారు.

"నాకు కోడలుంది. దాని సేవ మింగి నేనిక్కడ కూర్చున్నాను. అది అరిగిపోయింది. ఆ వెనక నిలబడింది, చూడండి. వద్దులే, అలా చూడకండి, దానికి సిగ్గు." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నా బట్టలు మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టొచ్చాను. ఇవాళ్టి నుంచి మా ఎఫీసియో ఇంట్లో ఉంటాను. ఇంకేమైనా రహస్యాలుంటే ఇకమీదట వీణ్ణడగండి."

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది. ఎఫీసియో కూడా నవ్వాడు, తల్లి హాస్యమాడుతోందనుకుని. రెండు క్షణాల తర్వాత ఆవిడ మొహం చూసి ఆపేశాడు. ముందువరసలో అతని భార్య చేతిసంచీ తెరిచి ఏదో వెతకడం మొదలుపెట్టింది, ఎంతకీ దొరకనట్టు.

అన్నికాకి చెవులు వేడెక్కాయి. అందరూ తననే చూస్తున్నారు. సంతోషం లాంటిదేమీ రాలేదు. పరాయివాళ్ల ముందు తనని విప్పి ఆరేసినట్టుంది. పక్కతలుపులోంచి బయటికి నడిచింది.

మధ్యాహ్నం ఎఫీసియో కారు గుమ్మం ముందు ఆగింది. అతను మూట డిక్కీలో పెడుతూ వదినవైపు చూడలేదు. "వారమా రెండు వారాలా?" అన్నాడు ఎవరినో అడుగుతున్నట్టు.

"చూద్దాం," అంది విస్సెంతా ముందు సీట్లోంచి. అద్దం దించింది. "అన్నికా, కోపం ఉంచుకో. తొందరగా పోగొట్టుకోకు. నేను మళ్లీ రావాలా వద్దా అన్నది నువ్వు చెప్పాలి. నేనడగను."

"మందుబిళ్లలు పొద్దున తెల్లది, రెండింటికి పచ్చది, రాత్రి గులాబీది," అంది అన్నికా. 

"నాకు తెలుసు. వాడికి చెప్తా."

కారు సందు తిరిగింది. అన్నికా లోపలికొచ్చింది. పొయ్యి ఆరి ఉంది. కుర్చీ మీద దిండు నొక్కుకుపోయి ఉంది. దాన్ని సర్దింది. గిన్నెలు కడిగే ఉన్నాయి. మంచం మీద దుప్పటి లాగి మళ్లీ పరిచింది. కోళ్లు తినేశాయి. వంటింట్లోకి వెళ్లింది, మెట్లెక్కింది, దిగింది, గుమ్మంలోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. మూడింటికి, ఇంట్లో చెయ్యడానికి ఒక్క పని కూడా మిగల్లేదని ఆమెకి రూఢి అయింది.

అప్పుడు వచ్చాడు ఆంతోనీ. దయ్యంగా కాదు, కలగా కాదు. మేకల వాసనతో ఆ వేళకి కొండ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ "ఏం వండావే?" అని అడిగే మనిషి, ఇంక అడగడన్న సంగతిగా వచ్చాడు. తొమ్మిదేళ్లు ఆమె సూప్ కాస్తూ, మేజోళ్లు తొడుగుతూ దానికి అందకుండా తిరిగింది. ఇప్పుడు అది దొరకబుచ్చుకుంది. అన్నికా మెట్టుమీద కూలబడి ఏడ్చింది. ముందు నోరు నొక్కుకుని, తర్వాత నొక్కుకోకుండా. పక్క సందు దాకా వినబడేలా.

లుయిసెద్దా రొప్పుతూ వచ్చింది, బటాణీ గిన్నె చేతిలో ఉండగానే. ఒక్క చూపు చూసింది. గిన్నె కింద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, పొయ్యివైపు నడిచింది. "కాస్త వేడిగా ఏదైనా పెడతా ఉండు..."

"వద్దు." అన్నికా ఆమె గౌను అంచు పట్టుకుంది. "పొయ్యి ముట్టించకు. ఏమీ చెయ్యకు. కూర్చో."

లుయిసెద్దా తటపటాయించింది. ఆ మెట్టు ఇద్దరికి ఇరుకు. అయినా నడుం పట్టుకుని, మూలుగుతూ, పక్కన ఇరుక్కుని కూర్చుంది.